దీపం పక్కన ఇనుము

ఎల్లాజీ చనిపోయిన పదకొండో రోజు, పొద్దున్న ఏడూ పదికి, అతని తల్లి జగ్గమ్మ వలల గదిలో బోర్లించిన గంపను ఎత్తించింది. గంప కింద జల్లిన బియ్యప్పిండిలో మూడు గుంటలు పడి ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె "కాకి పాదం" అంది. ఇంకొకామె నోట్లో కొంగు కుక్కుకుంది.

నేనూ అక్కడే ఉన్నాను. నా పేరు జగన్నాధం. ముప్ఫై నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. శవాలను మోశాను, శవాలకు కాపలా పడుకున్నాను. అయినా ఆ పిండిని చూశాక వెన్ను జలదరించింది. ఆ సంగతి మా డిటెక్టివు రాజకుమారికి చెప్పలేదు. చెబితే ఏడాది పొడుగునా ఏడిపిస్తుంది. గరివిడిలో ఒక ఫ్యాక్టరీ లేబొరేటరీలో పదకొండేళ్ళు లోహాలను పరీక్షించి, అది వదిలేసి విజయనగరంలో డిటెక్టివు ఏజెన్సీ పెట్టి, నన్ను పనిలో పెట్టుకున్న మనిషి ఆమె. దయ్యాలంటే భయం లేదు. అబద్ధం చెప్పే మనుషులంటే మాత్రం ఒళ్ళు మంట.

చినదిబ్బలపాలెంలో, సముద్రం ఒడ్డునున్న ఈ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన చోట పదిరోజులు దీపం వెలగాలి. దీపం పక్కన ఇనుము ఉండాలి, దాన్ని ఎవరూ కదపకూడదు. పదో రోజు సాయంత్రం ఆ ఇనుము చుట్టూ పిండి జల్లి, గంప బోర్లించి, తలుపు వేసేస్తారు. తెల్లారేదాకా ఏం వినిపించినా తలుపు తియ్యరు. పోయినవాడు ఒకసారి వచ్చి పోతాడని, ఆ గుర్తు పిండిలో పడుతుందని వాళ్ళ నమ్మకం.

రాజకుమారి మోకాళ్ళ మీద కూర్చుని, పిండిని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

"మావా, ఇవి గోళ్ళు గీరిన గీతలా?"

"కాదు. గుండ్రంగా ఉన్నాయి."

"వేళ్ళ కొసలు. ఇటు మూడు. అటుపక్క బొటనవేలు. దాన్నెవరూ లెక్కపెట్టలేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఇనుం ముక్క కింద చూడు."

దీపం పక్కన పడి ఉన్నది చేపలు కోసే కత్తి బద్ద. పిడి లేదు, మొన లేదు. దాన్ని కదపకుండా పిండి జల్లారు కనుక దాని కింద నేల ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ కత్తి ఆకారంలోనే ఉంది గాని, ఇప్పుడక్కడున్న బద్ద కంటే అరంగుళం పొడుగు. ఒక పక్క పిండి బద్ద కిందికి కూడా పోయింది. కాళ్ళు లేని వస్తువు పదకొండో రోజున కురచదైపోయింది.

"ఎల్లాజీ మార్చేసినాడు," అంది జగ్గమ్మ గుమ్మంలోంచి. ఆమె కళ్ళకు పొరలు కమ్మి పదేళ్ళయింది. చూడలేదు గాని చీమ నడిచినా వింటుంది. "నా కొడుకే వచ్చినాడు తల్లీ. నాను విన్నాను."

"ఎప్పుడమ్మా?"

"నిన్న పొద్దోయినాక. పక్కింట్లో టీవీ సీరియల్ పాట మొదలైనాది, అప్పుడు."

రాత్రి ఎనిమిది గంటలు. నేను పుస్తకంలో రాసుకున్నాను.

"పెరటి తలుపు కిర్రుమన్నాది. గంప లేపిన సప్పుడైనాది. నాను ఇటేపు తలుపు కాడ కూకున్నాను. 'బాబూ, ఆకలేస్తందేటి?' అనడిగినాను."

"ఏమన్నాడు?"

"పలకలేదు. రెండు మాట్లు దగ్గినాడు. మరి సప్పుడు లేదు."

"ఎల్లాజీకి దగ్గు ఉండేదా?"

"బతికున్నప్పుడు లేదు తల్లీ," అంది ఆ ముసలమ్మ. "సచ్చిపోయినోడికి సలెయ్యదేటి?"

నేను పెన్ను మూసేశాను.

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి స్టేషన్లో జరిగిన గొడవ ఇక్కడ చెప్పాలి. చెప్పకపోతే తక్కినది అర్థం కాదు.

పది రోజుల క్రితం సాయంత్రం చీకటిపడే వేళ ఎల్లాజీని ఈ వలల గదిలోనే ఎవరో పొడిచారు. పోస్టుమార్టంలో పక్కటెముకలో ఇరుక్కున్న ఉక్కు ముక్క ఒకటి దొరికింది. చింతగింజలో సగం ఉంటుంది, కత్తి మొన. గున్నమ్మ ఎల్లాజీకి వదిన, చనిపోయిన అన్న భార్య. పడవలో వాటా కోసం ఆమె మరిదిని అంతకుముందు రోజే వీధి వీధంతా వినేలా తిట్టింది. చేపలు కోసే ఆమె కత్తికి మొన లేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మోహనకృష్ణకు అంతకంటే ఏం కావాలి! లంచగొండి కాదు, సోమరి కాదు. తను తప్పు చేస్తానని మాత్రం కలలో కూడా అనుకోడు.

నిన్న ఆయన సాలూరు పాత ఇనుము వ్యాపారి దగ్గర్నుంచి ఒక మిషను తెప్పించాడు. తుపాకీలా ఉంటుంది. లోహానికి ఆనించి నొక్కితే అందులో ఏమేం ఉన్నాయో అంకెలు చూపిస్తుంది. గున్నమ్మ తరఫున పనిచేస్తున్న మమ్మల్ని పిలిచి మరీ నొక్కాడు.

"చూడండి మేడం. శవంలో దొరికిన ముక్కలో క్రోమియం పదహారు పాయింట్ తొమ్మిది. గున్నమ్మ కత్తిలో పదహారు పాయింట్ ఏడు. రెండిట్లోనూ నికెల్ లేదు. రెండూ అయస్కాంతానికి అంటుకుంటాయి. ఒకటే ఉక్కు."

"కార్బన్ ఎంత?" అంది రాజకుమారి.

ఆయన తెర మీద వెతికాడు. ఆ పేరే లేదు.

"ఉండదు సార్. అంత తేలికైన మూలకం ఈ మిషను కంటికి ఆనదు. క్రోమియం పదహారు, పద్దెనిమిది మధ్య ఉన్న స్టీలుల్లో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో కార్బన్ పాయింట్ ఒకటి రెండు శాతం దాటదు. ఫెర్రిటిక్ అంటారు. సింకులకీ పొయ్యి పలకలకీ వాడతారు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా అది మెత్తనే, బలవంతంగా వంచితే వంగుతుంది. రెండోదాంట్లో కార్బన్ ఒక శాతం దాకా ఉంటుంది. అది మార్టెన్‌సిటిక్. కాల్చి ముంచితే రాయిలా గట్టిపడుతుంది. పదును నిలుస్తుంది గాని, పక్కకి వంచితే టక్కున విరుగుతుంది. మీ అయస్కాంతానికి రెండూ ఒకటే. మీ మిషనుకీ ఒకటే."

"అయితే?"

"ఈ ముక్క అంచు చూడండి. ఎక్కడా వంపు లేదు, నలగలేదు. గాజు పగిలినట్టు విరిగింది. గున్నమ్మది చవక రేకుతో చేసిన కత్తి. దాని మొన వంగుతుంది తప్ప ఇలా విరగదు."

"మరి ఆ మొన ఏమైంది?"

"పీత డొప్ప ఊడదీస్తుంటే వంగిందట, రాయి మీద గుండ్రంగా నూరేసుకుంది."

"అదే నేనూ అంటున్నాను!" ఆయన బల్ల చరిచాడు. "ముక్క అతకకూడదని నూరేసింది. పంచనామాలో అదే రాశాను. రేపు పెద్ద కర్మ అయ్యాక, పదకొండింటికి అరెస్టు. ఊరి మీద గౌరవంతో ఇన్నాళ్ళు ఆగాను."

"ఆ ముక్కనీ కత్తినీ కార్బన్ పరీక్షకి పంపండి. పంపకపోతే కోర్టులో నేనే అడుగుతాను."

ఆ గదిలో నాలుగో మనిషి పంచనామాకు మధ్యవర్తిగా సంతకం పెట్టిన ధనరాజు. ఒడ్డున చేపలు కోసి ఐసు పెట్టి పంపే షెడ్డు ఆయనదే. గున్నమ్మతో సహా ఇరవై మంది ఆడవాళ్ళు అక్కడే పనిచేస్తారు. మర్యాదస్తుడు, తెల్లచొక్కా నలగదు. నా పక్కనే కూర్చుని నా టీ గ్లాసు మీదికే రెండుసార్లు దగ్గాడు, దాంతో ఆ టీ నేను తాగలేదు.

"అంటే పరీచ్ఛలో ఏటి తేలితే అదే నిజమన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

"అంతే," అంది రాజకుమారి, గెలిచినట్టు.

అదీ నిన్నటి సంగతి.

ఈ రోజు ఏడున్నరకు ఆమె గున్నమ్మ కూతురు తులసిని పక్కకు పిలిచింది. దీపం దగ్గర ఇనుము పెట్టింది ఆ అమ్మాయే.

"ఇది ఎక్కడ దొరికింది తులసీ?"

"ఇంట్లో ఇనుమేదీ లేదండి. అన్నీ స్టీలూ సిలవరూనూ. పక్కోళ్ళ పలుగు ఎట్టినాం గాని, మూడో రోజున పనుందని పట్టుకెళ్ళిపోనారు. మా నానమ్మ ఇనుమే కావాలన్నాది. పాత రేడియోలో అయస్కాంతం పీకి ఒక్కోటీ పెట్టి సూసినాను. గిన్నెలకి అంటలేదు. వలలు లాగతంటే సీసం గుళ్ళ బుట్టలో ఈ కత్తి ఉన్నాది. లటుక్కున అంటుకున్నాది. ఇనుమే అనుకున్నాను."

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"ఆళ్ళు అప్పటికే మా అమ్మ కత్తి పట్టుకెళ్ళిపోనారు కదండీ. దీపం కాడ ఎట్టినాక మరి ముట్టుకోకూడదు."

హత్య చేసిన కత్తి చీకట్లో వలల్లో పడిపోతే, ఇంటివాళ్ళే దాన్ని తీసి చచ్చినవాడి దీపం పక్కన పెట్టారు. ఎనిమిది రోజులు తల్లి దాని పక్కనే నూనె పోసింది. పరామర్శకు వచ్చిన ఊరంతా దానికి దండం పెట్టింది. వాళ్ళలో పొడిచినవాడూ ఉండే ఉంటాడు, తన కత్తిని తనే చూసుకుని దండం పెట్టి ఉంటాడు.

"పెట్టేముందు తుడిచావా?"

"సమురూ పొలుసులూ అంటుకున్నాయి. ఇంజను పెట్టెలో ఆకురాయి ఉంటే గీకినాను. గీకడమే అవలేదు. గాజు మీద గీసినట్టు కీసుమని జారిపోనాది."

రాజకుమారి అదే ఆకురాయి తెప్పించింది. దీపం దగ్గరున్న బద్దను రుమాలుతో పట్టుకుని, వెనక అంచు మీద ఒక్కసారి తోసింది. ఆకురాయి కరకరా కరిచింది. తెల్లటి రజను రుమాలు మీద రాలింది.

"మెత్తనిది," అంది. "తులసి పెట్టినది గట్టిది. రెండూ మెరుస్తాయి, రెండూ అయస్కాంతానికి అంటుకుంటాయి. మార్చినవాడికి ఆ సంగతి బాగా తెలుసు. ఈ మొన చూడు మావా."

చూశాను. మొన దగ్గర అంచు ముడతలు పడి, పీచు తేలి ఉంది.

"అసలుదానికి మొన లేదు కాబట్టి దీనికీ తియ్యాలి. విరుద్దామని చూశాడు. విరగలేదు. ఇటూ అటూ వంచి వంచి తెంపాడు. ఇందులో కార్బన్ లేదని వాడి చేత్తో వాడే సంతకం పెట్టిపోయాడు."

పెరటి తలుపు గడియ సందులోంచి పుల్ల దూర్చి తీసిన గీత కనిపించింది. ఆ ఒక్కరోజు ఈ ఇంట్లో ఏ చప్పుడైనా ఎవరూ తలుపు తియ్యరని వాడికి తెలుసు. తల్లి పలకరిస్తే పలక్కూడదనీ తెలుసు.

ఎనిమిదిన్నరకు గున్నమ్మను అడిగాం. గుమ్మం బయట కాపలా కానిస్టేబులు కునుకుతున్నాడు. ఆమె కర్మకు బియ్యం కడుగుతూ, చేతులు ఆపకుండానే జవాబులు చెప్పింది.

"నా కత్తితోని సేప పొట్ట కొయ్యడానికే రోజుకి నాలుగు మాట్లు నూరాల. దాంతోని మడిసిని పొడుస్తానేటి? పడవలో వాటా అడిగినాను, తిట్టినాను. మరిదిని తిట్టుకోకూడదేటి?"

"ఆ కత్తి ఎక్కడిది?"

"షెడ్డుది. మా ఇరవై మందివీ ఒకటే అచ్చు. ధనరాజు బాబు కాడ పైదేశం కత్తి ఉండేది. దాని పిడి ఊడిపోతే గుడ్డ సుట్టుకుని వాడేవోడు. కమ్మరి లక్ష్ముడు దాన్నే సూసి, స్టీలు రేకు కోసి పిడి లేకుండానే మాకు కొట్టినాడు. ఆ బాబుది అద్దంలాగ తెగేది. మావి ఒట్టి రేకులు."

"ఆ పైదేశం కత్తి ఇప్పుడెక్కడుంది?"

"ఏమో. ఈ మజ్జిన కనబడ్నేదు."

రాజకుమారి నా వైపు చూడలేదు. చూస్తే ఆమె మొహంలో ఉన్నది గున్నమ్మకు కూడా తెలిసిపోతుంది.

"ఎల్లాజీకి ఇంకెవరితోనైనా గొడవుందా?"

"ఐసు పెట్టెల్లో సేపల కింద ఇంకేటో ఎడతన్నారు, నా పడవలో అలాటివి ఎక్కనివ్వను అనేవోడు. ఎవులివిరా అంటే సెప్పలేదు. 'నీకెందుకొదినా, నువ్వు ఆడి కాడే బతకాల' అన్నాడు." అప్పుడు చేతులు ఆగాయి. "నన్ను తీసుకుపోతే తులసి కూడా ఆ షెడ్డుకే పోవాల. ముసిల్దానికి కూడెవులెడతారు? అదొక్కటే నాకు బెంగ. జైలంటే నాకేటి బయం."

బయటికి వచ్చాక రాజకుమారి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"నా నోరే మావా. నిన్న స్టేషన్లో పాఠం చెప్పినంతసేపూ నాకెంత సరదాగా ఉందో! ఏ పరీక్షలో దొరికిపోతాడో వాడికి నేనే చెప్పాను."

"అయితే కత్తి సముద్రంలో పారేసుంటాడు."

"పారేసేవాడైతే ఎనిమిది రోజులు ఊరుకునేవాడు కాదు. అక్కడుంటే ఎవరూ ముట్టుకోరని నిశ్చింతగా ఉన్నాడు. నిన్న నా మాట విన్న నాలుగు గంటల్లో వచ్చి తీసుకుపోయాడు. వాడికి ఆ కత్తి కావాలి. ఎందుకు కావాలి?"

జవాబు పదీ నలభైకి జీపులో వచ్చింది. మోహనకృష్ణ నవ్వుతూ దిగాడు. వెనక సీట్లో కానిస్టేబులు గంగులు ఒళ్ళో లక్క సీలు వేసిన కవరు ఉంది.

"మేడం, మీ కోరిక తీరుస్తున్నాను. ముక్కనీ కత్తినీ కార్బన్ పరీక్షకి పంపుతున్నాను. అరెస్టు అవగానే గంగులు బయల్దేరతాడు. చూశారా, మీ లేబొరేటరీ భాష నాకూ వచ్చేసింది." ఆయన దృష్టి ఆకురాయి మీద పడింది. "ఇక్కడేం గీకుతున్నారు? సాక్ష్యం మీదా?"

"మీరు సాక్ష్యమని గుర్తించని దాని మీద. కవరుకి సీలు ఎప్పుడు వేశారు సార్?"

"పొద్దున్న ఆరున్నరకి, మధ్యవర్తిని పిలిపించి, పద్ధతి ప్రకారం."

"ధనరాజుగారినేనా?"

"ఆయన్నే. ఇంకో మాట వినండి, మీకు నచ్చదు. మధ్యలో ఫోనొస్తే రెండు నిమిషాలు వరండాలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయనే అన్నాడు, ఓసారి ముక్కని కత్తికి పెట్టి సూడండి సార్ అని. పెట్టాను." చూపుడువేలు, బొటనవేలు దగ్గరికి తెచ్చి చూపించాడు. "అచ్చంగా అతుక్కుంది. వెంట్రుక దూరే సందు లేదు. ఇక మీ పరీక్షలో కార్బన్ కూడా సరిపోతే గున్నమ్మ కథ ముగిసినట్టే."

"సరిపోతుంది," అంది రాజకుమారి. "తప్పకుండా సరిపోతుంది. సార్, గున్నమ్మ కత్తి మొన ఎలా ఉందని పంచనామాలో రాశారు?"

"నూరి గుండ్రంగా..."

ఆయన మొహంలోంచి నవ్వు పోవడం నేను కళ్ళారా చూశాను. జాలేసింది, అబద్ధం ఎందుకు.

"నూరేసిన మొన మళ్ళీ ఎలా మొలిచింది సార్? ఎముకలో ముక్కకి ఎలా అతికింది?" ఆమె గొంతు పెంచలేదు. "మీ కవర్లో ఉన్నది గున్నమ్మ కత్తి కాదు. ఎల్లాజీని పొడిచిన కత్తి. నిన్న రాత్రి ఎనిమిదింటిదాకా ఈ దీపం పక్కన ఉంది. నిన్న నేనడిగిన పరీక్షే ఇప్పుడామె మెడకు ఉరి. గున్నమ్మ కత్తి ఆ రెండు నిమిషాల్లో ఎవడి నడుముకు చేరిందో మీరే చెప్పాలి."

మోహనకృష్ణ జీపు వైపు, కవరు వైపు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేనే సంతకం పెట్టాను," అన్నాడు. ఆ మనిషి నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. "నా మాటకీ ఆయన మాటకీ పోటీ పెడితే, సీలు మీద ఉన్నది నా సంతకమే. అతను మార్చాడని చెప్పే సాక్షి ఎవరున్నారు?"

ఎవరూ లేరు. పెరటి తలుపు దగ్గర అతన్ని చూసినవాళ్ళు లేరు. చూడకూడదనే కదా ఆ ఇల్లు కళ్ళు మూసుకుంది. పదకొండు కావడానికి పది నిమిషాలుంది. గున్నమ్మ తలెత్తి మా ముగ్గుర్నీ చూసి, చేతులు తుడుచుకుని, పోవడానికి సిద్ధంగా లేచి నిలబడింది.

అప్పుడు వాకిట్లో ఎవరో చెప్పులు విడిచారు. కర్మ భోజనాలకు బియ్యం బస్తా మనిషి చేత మోయించుకుని, నలగని తెల్లచొక్కాతో ధనరాజు లోపలికి వచ్చాడు. అందరికీ దండం పెట్టాడు. ఎవరూ తిరిగి పెట్టలేదు. అతను గుమ్మంలో ఆగి రెండుసార్లు దగ్గాడు.

వలల గది ముందు కర్మ వంటకు పిండి కలుపుతూ కూర్చున్న జగ్గమ్మ తల ఎత్తింది. పొరలు కమ్మిన కళ్ళు సూటిగా అతని వైపు తిరిగాయి. ఆ మొహంలో పదకొండు రోజులుగా లేని వెలుగు వచ్చింది. పిండి అంటిన చేతులు చాపుకుంటూ, ఎవరూ పట్టుకోకుండానే, తిన్నగా నడిచి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"వచ్చినావా నాయినా! ఒసే తులసీ, ఆకెయ్యే. రాత్రి ఆకలేస్తందేటని అడిగితే ఇలాగే దగ్గి ఎల్లిపోనాడు."

తెల్లచొక్కా చేతి మీద ఐదు పిండి వేళ్ళు పడ్డాయి. ధనరాజు చెయ్యి లాక్కోబోయాడు, అతని రెండో చెయ్యి చొక్కా కింద నడుము దగ్గరికి పోయింది. ముసలమ్మ మాత్రం వదల్లేదు.